కుటుంబంతో హైదరాబాద్ పాతబస్తీ చూడబోయేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పాతబస్తీకి పిల్లలనూ పెద్దవాళ్ళనూ వెంటబెట్టుకుని వెళ్ళాలనుకునే బంధుమిత్రులు కొన్నేళ్ళుగా నన్ను ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతున్నారు. వాటిని ప్రయాణంలో ఎదురయ్యే క్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

ఒక్క రోజులో పాతబస్తీ అంతా చూసేయగలమా?

చూడలేరు, అలా చూడాలని ప్రయత్నించవద్దనే నా సలహా. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీ, జూ పార్కు అన్నీ ఒకే రోజు పెట్టుకున్న కుటుంబాలు సాయంత్రానికి కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగుల్చుకోలేక ఇంటికి చేరడం చాలాసార్లు చూశాను. పిల్లలు వెంట ఉన్నప్పుడు రోజుకు మూడు చోట్లు చాలు. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా దగ్గర దగ్గరగా ఉన్నాయి కనుక వాటికి ఒక రోజు కేటాయించండి. మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికీ, దానికి దగ్గరలోనే ఉన్న పురానీ హవేలీకీ ఇంకో రోజు పెట్టుకోండి. బహదూర్‌పురాలోని జూ పార్కుకు పూర్తిగా ఒక రోజు కావాలి.

వారంలో ఏ రోజు వెళ్ళకూడదు?

చరిత్ర చూడడానికైతే శుక్రవారం వెళ్ళవద్దు. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడింటికీ శుక్రవారమే సెలవు. మక్కా మసీదులో ఆ మధ్యాహ్నం సామూహిక ప్రార్థన జరుగుతుంది కాబట్టి చుట్టుపక్కల వీధులన్నీ నిండిపోతాయి. జూ పార్కుకు సోమవారం సెలవు. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ పిల్లల చెయ్యి వదలలేనంత జనం ఉంటారు. సెలవు పెట్టుకోగలిగితే మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకోండి.

ఏ కాలంలో వెళ్తే బాగుంటుంది?

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా నడవవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాతి నేల కూడా కాలిపోతుంది. ఎండాకాలం సెలవుల్లో తప్ప కుదరనివారు ఉదయం ఏడింటికల్లా మొదలుపెట్టి, పదకొండు తర్వాత మ్యూజియంలోకి చేరిపోయేలా చూసుకోవాలి.

పండుగ రోజుల సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే పవిత్ర చిహ్నం ఊరేగింపు బయలుదేరుతుంది. గణేశ్ నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి వచ్చే ఊరేగింపు చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ వైపు సాగుతుంది. ఆ రెండు రోజులూ వాహనాలను మళ్ళిస్తారు. ఊరేగింపు చూడాలనే వచ్చేవారికి అవి గొప్ప రోజులే కానీ, చంటిపిల్లలతో కట్టడాలు చూడాలనుకునేవారికి కావు.

రంజాన్ నెలలో వెళ్ళవచ్చా? ఇబ్బంది పడతామా?

నిస్సందేహంగా వెళ్ళవచ్చు. అయితే ఆ నెలలో పాతబస్తీ దినచర్య తలకిందులవుతుంది. పగలు చాలా హోటళ్ళు మూసి ఉంటాయి లేదా పరదాలు దించి నడుస్తాయి, సాయంత్రం ఉపవాసం విడిచాక బజారు మేల్కొని అర్ధరాత్రి దాటేదాకా వెలుగుతూనే ఉంటుంది. పగటిపూట నడిచేటప్పుడు పిల్లలకు కావలసిన తినుబండారాలు సంచిలో పెట్టుకుని, ఉపవాసంలో ఉన్నవారి ఎదురుగా కాకుండా ఒక పక్కన కూర్చోబెట్టి తినిపించడం మర్యాద. హలీమ్ రుచి చూడాలంటే ఇదే తగిన సమయం. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాంసం, గోధుమలు, పప్పులు, నెయ్యి కలిపి భట్టీ మీద గంటల తరబడి కొయ్య రోకలితో మెదుపుతూ ఉడికించే ఆ పనిని దూరం నుంచి చూడడమూ పిల్లలకు ఒక పాఠమే.

గైడ్‌ను పెట్టుకోవాలా, మేమే చూసుకోగలమా?

కట్టడాల వరకే చూసేటట్లయితే ఎవరికి వారే చూసుకోవచ్చు. సందుగొందుల్లోని దేవిడీలు (ప్రభువుల పాత భవనాలు), పాత హవేలీల గుమ్మాలు, అషుర్‌ఖానాలు (మొహర్రం సంతాపమందిరాలు) చూడాలనుకుంటే మాత్రం తెలిసిన మనిషి తోడుండాలి, ఎందుకంటే వాటికి బోర్డులు ఉండవు, ఉన్నచోట కూడా లోపలికి ఎప్పుడు రానిస్తారో బయటివారికి తెలియదు. ఉదయం పూట జరిగే వారసత్వ నడకల్లో చేరితే ఖర్చు తక్కువ, ప్రశ్నలు అడగడానికీ వీలుంటుంది.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఒక్క పరీక్ష పెట్టండి. "చార్మినార్ ఎందుకు కట్టారు?" అని అడగండి. ఒకే కథను ఆవేశంగా చెప్పి ముగించే మనిషికంటే, రెండు మూడు అభిప్రాయాలున్నాయని చెప్పి ఏది ఎంతవరకు నమ్మదగినదో వివరించే మనిషి మేలు. ఒకసారి మా కుటుంబానికి దొరికిన గైడ్ రెండు గంటల సేపూ గుప్తనిధుల గురించే చెప్పాడు. పిల్లలు ఇంటికి వచ్చాక కూడా నిధులు తప్ప ఇంకేమీ గుర్తు చేసుకోలేకపోయారు.

## చేరుకోవడం, నడవడం

సొంత కారులో వెళ్ళడం మంచిదా, మెట్రోలోనా?

కారు వద్దు. చార్మినార్ చుట్టూ పాదచారుల మార్గంగా మార్చిన భాగంలోకి వాహనాలను అనుమతించరు, చుట్టుపక్కల బండి నిలపడానికి చోటు వెతకడంలోనే గంట గడిచిపోతుంది. మెట్రో ఆకుపచ్చ మార్గంలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) స్టేషన్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం ఒక కిలోమీటరు, చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు ఉంటాయి. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. నడవగలిగినవారు నయాపూల్ వంతెన దాటి పత్తర్‌గట్టి రాతి బజారు మీదుగా నడిచి వస్తే, చార్ కమాన్ అనే నాలుగు పెద్ద తోరణాల మధ్య నుంచి చార్మినార్ క్రమంగా దగ్గరవుతూ కనిపిస్తుంది. మొదటిసారి వచ్చేవారికి నేను ఎప్పుడూ ఈ దారే చెబుతాను.

ఉదయం ఎన్నింటికి మొదలుపెట్టాలి?

ఏడు, ఏడున్నరకు. బజారు పదకొండు దాకా పూర్తిగా తెరుచుకోదు, అందుచేత షట్టర్లు దించి ఉన్న ఆ సమయంలోనే పత్తర్‌గట్టి రాతి వరండాలు, కమాన్ల మీది పనితనం తేరిపార చూడగలరు. తొమ్మిది దాటితే తోపుడు బండ్లు, పదకొండు దాటితే దుకాణాల పందిళ్ళు ఆ రాళ్ళను కప్పేస్తాయి. చార్మినార్ మీదికి ఎక్కడానికి టికెట్లు తొమ్మిది నుంచి ఇస్తారు.

మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడను తీసుకెళ్ళవచ్చా?

తప్పకుండా తీసుకెళ్ళండి, కాకపోతే చార్మినార్ మెట్లు ఎక్కించవద్దు. ఆ మెట్లు ఇరుకుగా, ఎత్తుగా, మెలికలు తిరుగుతూ ఉంటాయి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుందామంటే వెనుక వచ్చేవారికి దారి ఉండదు. మీరు పైకి వెళ్ళి వచ్చేలోగా ఆవిడ కింద నీడలో కూర్చోవచ్చు. చౌమహల్లాలో నీటి తొట్టి చుట్టూ తోట ఉంది, కూర్చుని చూడడానికి అనువైన చోటు అది. సాలార్‌జంగ్ మ్యూజియం చాలా పెద్దది కనుక పెద్దవాళ్ళతో అన్ని గదులూ తిరగాలని పట్టుబట్టకుండా, ముందే నాలుగైదు గదులు ఎంచుకుని వెళ్ళండి.

చంటిపిల్లల బండి తోసుకుంటూ తిరగగలమా?

చార్మినార్ ముందున్న రాతి పరుపు మీద కొంతవరకు నడుస్తుంది. గాజుల దుకాణాలుండే లాడ్ బజార్ గుంపులో, పక్క సందుల్లో అసలు నడవదు. పసిబిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డసంచిలో ఎత్తుకోవడమే సుఖం.

## చార్మినార్ పరిసరాలు

చార్మినార్ అసలు ఎందుకు కట్టారు?

గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ వంశంలో ఐదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో దీన్ని కట్టించాడు. కారణంపై ఒకే మాట లేదు. ఊరిని పట్టి పీడించిన మహమ్మారి పోయినందుకు గుర్తుగా కట్టించాడనేది బాగా ప్రచారంలో ఉన్న కథ. ఆ సంవత్సరం దాదాపుగా హిజరీ శకం వెయ్యవ ఏడుతో కలిసి వస్తుంది కనుక, కొత్త సహస్రాబ్దికి చిహ్నంగా కట్టించాడని మరికొందరు చరిత్రకారులు అంటారు.

నా దృష్టిలో ఈ రెండింటికంటే ముందు చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. గోల్కొండ కోట కిక్కిరిసిపోయి మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టాలనుకున్నప్పుడు, గోల్కొండ నుంచి మచిలీపట్నం ఓడరేవుకు పోయే వర్తకదారి మీద ఈ నాలుగు దారుల కూడలిని నిలిపి, దాని చుట్టూ ఊరిని విస్తరించారు. ఆ పథకం వెనుక ఉన్నవాడు సుల్తాను పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్తరాబాదీ. చార్మినార్ నగరంలో కట్టినది కాదు, నగరమే చార్మినార్ చుట్టూ కట్టినది అని పిల్లలకు చెప్పి చూడండి, నాలుగు వైపులా ఉన్న నాలుగు కమాన్లకు అర్థం వాళ్ళకే తడుతుంది.

పైకి ఎంతవరకు ఎక్కనిస్తారు? పిల్లలకు టికెట్ ఉంటుందా?

మీనార్లలో మొత్తం 149 మెట్లున్నాయి గానీ సందర్శకులను మొదటి అంతస్తు వరకే అనుమతిస్తారు. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, ఆ శాఖ కట్టడాలన్నింటిలోనూ పదిహేనేళ్ళలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. పైనుంచి చూస్తే ఒక పక్క మక్కా మసీదు ప్రాంగణం, పడమర లాడ్ బజార్, ఉత్తరాన కమాన్లు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. ఊరి పటం చేతికి ఇచ్చి ఏది ఏదో గుర్తించమంటే పిల్లలు ఆనందంగా చేస్తారు.

పిల్లలకు అక్కడ ఏం చూపిస్తే విసుగు రాకుండా ఉంటుంది?

పెద్ద సంగతుల కంటే చిన్న వస్తువులు వెతికించండి. చార్మినార్ కమాన్లలో ఒకదాని మీద గచ్చుతో మలచిన చిన్న పిల్లి తల ఉంది. దాన్ని ముందుగా ఎవరు కనిపెడతారో చూద్దామంటే పది నిమిషాలు మెడలు పైకెత్తి ప్రతి లతనూ ప్రతి పువ్వునూ చూస్తారు, అంటే పెద్దవాళ్ళు బతిమాలినా చూడని గచ్చుపనిని తమంతట తామే చూసేస్తారు. మహమ్మారిని తెచ్చిన ఎలుకల పీడ వదిలినందుకు గుర్తుగా ఆ పిల్లిని చెక్కారని జనం చెప్పుకుంటారు.

తర్వాత నాలుగు వైపులా ఉన్న గడియారాలు చూపించండి. అవి కట్టడంతో పాటు వచ్చినవి కావు, 1889లో అమర్చినవి. "ఈ కట్టడం ఎన్నేళ్ళు గడియారం లేకుండా ఉంది?" అని లెక్క వేయమంటే సుమారు మూడు వందల ఏళ్ళని తేలుతుంది. కాలం అంటే ఎంతో పిల్లలకు అప్పుడు కొంత అందుతుంది.

చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందంటారు. నిజమేనా?

తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. ఇప్పటిదాకా ఆ సొరంగాన్ని ఎవరూ చూపించలేదు. పిల్లలకు చెప్పండి, తప్పులేదు, కానీ కథగానే చెప్పండి.

భాగ్యనగరం అనే పేరు భాగమతి వల్ల వచ్చిందా?

సుల్తాను ప్రేమించిన భాగమతి పేరున నగరం వెలసిందనే కథను కొందరు పాత రచయితలు రాశారు, కొందరు చరిత్రకారులు దాన్ని పూర్తిగా కొట్టిపారేశారు. ఆమె ఉనికిని తేల్చిచెప్పే శాసనం గాని, సమాధి గాని చూపగలిగినవారు లేరు. తెలుగు పాఠకులకు ఇంతకంటే బలమైన ఆధారమున్న సంగతి ఒకటి చెప్పదలచాను. మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కొన్నేళ్ళు విజయనగరంలో తలదాచుకుని తెలుగు సాహిత్యంపై మక్కువ పెంచుకున్నాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకుని కావ్యాలు అంకితమిచ్చారు. ఆ ఇంటి కొడుకు కట్టిన ఊరు ఇది. మనది కాని చరిత్రను చూడడానికి వెళ్తున్నామని ఎవరూ అనుకోనక్కరలేదు.

మక్కా మసీదులోకి అందరినీ రానిస్తారా? ఏ పద్ధతులు పాటించాలి?

ప్రార్థన సమయాలు కాని వేళల్లో ఏ మతంవారైనా ప్రాంగణంలోకి వెళ్ళవచ్చు, టికెట్ లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు ఆడ మగ ఇద్దరికీ అవసరం. స్త్రీలు తలమీద కప్పుకోవడానికి చున్నీ దగ్గర ఉంచుకోవాలి. ద్వారం వద్ద సంచులు తనిఖీ చేస్తారు. లోపలి ప్రార్థనామందిరంలోకి స్త్రీలను సాధారణంగా అనుమతించరు, దీన్ని ఆడపిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళడం మంచిది.

కుతుబ్‌షాహీల కాలంలో 1617 ప్రాంతంలో మొదలైన ఈ మసీదు గోల్కొండ మొఘలుల చేజిక్కాక 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను నడిమి కమానులో వాడారు, పేరు అందువల్లే వచ్చిందంటారు. ప్రాంగణంలో ఒక పక్క అసఫ్‌జాహీ పాలకుల, అంటే నిజాంల, పాలరాతి సమాధులున్నాయి. మొదటి నిజాం ఖుల్దాబాద్‌లోనూ, ఆఖరి నిజాం కింగ్‌కోఠీ ఎదురుగా ఉన్న మసీదులోనూ ఉన్నారు కనుక ఆ ఇద్దరి సమాధులు ఇక్కడ కనిపించవు. కొలను దగ్గర నున్నగా అరిగిన రాతి బల్ల ఉంది, దానిమీద కూర్చున్నవారు మళ్ళీ హైదరాబాద్ వస్తారని నమ్మకం. పావురాలకు గింజలు వేయడమే మా పిల్లలకు అన్నింటికంటే నచ్చిన పని.

## మహళ్ళు, మ్యూజియాలు

చౌమహల్లా ప్యాలెస్‌కు ఎంత సమయం కావాలి? అక్కడ ఏం తప్పక చూడాలి?

రెండున్నర గంటలు పెట్టుకోండి. చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అనే ఆ నాలుగూ దక్షిణపు ప్రాంగణంలో ఎదురెదురుగా ఉంటాయి. 1750లో సలాబత్‌జంగ్ హయాంలో మొదలై, ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి పూర్తయిన ఈ రాజప్రాసాదం ఒకప్పుడు 45 ఎకరాల్లో ఉండేది. ఇప్పుడు మిగిలినది 12 ఎకరాలే. శిథిలమవుతున్న దశలో కొన్నేళ్ళ పాటు శ్రద్ధగా బాగుచేయించి ప్రజలకు తెరిచారు, ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది.

ఖిల్వత్ ముబారక్ దర్బారు మందిరంలో 19 బెల్జియం స్ఫటిక దీపగుచ్ఛాలు వేలాడుతుంటాయి. పిల్లలు లోపలికి అడుగు పెట్టగానే పరుగెత్తుతారు. ఒక్క నిమిషం ఆపి, పాలరాతి గద్దె ఎదుట నిలబెట్టి, ఇక్కడే కొత్త నిజాంకు పట్టం కట్టేవారని చెప్పండి. పాత కార్ల గదిలో 1912 నాటి పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, దాని చుట్టూ తిరగడానికే అరగంట పడుతుంది. బయటికి వచ్చేటప్పుడు ఖిల్వత్ గడియార స్తంభం చూపించడం మరచిపోవద్దు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లలు అలసిపోకుండా ఏమేమి చూడాలి?

ముందుగా సంగీత గడియారం. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు గడ్డపు మనిషి బొమ్మ తలుపు తెరుచుకుని వచ్చి, గంట ఎన్నయితే అన్నిసార్లు కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. సుత్తితో క్షణాలు కొట్టే కమ్మరి బొమ్మ మాత్రం ఎప్పుడూ పని ఆపదు. పన్నెండు గంటల వేళకు పావుగంట ముందుగా వెళ్ళి కూర్చోండి. పన్నెండు దెబ్బలూ లెక్కపెడుతూ పిల్లలంతా గొంతు కలపడం వినసొంపుగా ఉంటుంది.

తర్వాత మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ విగ్రహాన్ని నిజాంల ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1876లో కొని తెచ్చాడు. రాయిలోనే పల్చటి తడిబట్ట పరిచినట్లుండి, దాని వెనుక ముఖం కనబడుతుంది. పిల్లలు బట్ట నిజమా అని తప్పకుండా అడుగుతారు. మూడవది ఒకే కొయ్యలో రెండు వైపులా రెండు బొమ్మలు చెక్కిన శిల్పం. ముందు జర్మన్ నాటకం ఫౌస్ట్‌లోని దయ్యం మెఫిస్టాఫిలిస్ గర్వంగా నిలబడితే, వెనుక అద్దంలో అదే నాటకంలోని అమాయకురాలు మార్గరెట్ తలవంచి కనిపిస్తుంది.

ఈ మూడూ చూశాక ఆయుధాల గది గాని, బొమ్మల గది గాని చూసి బయటపడవచ్చు. నలభైకి దగ్గరగా గదులున్న ఈ సంపదలో అత్యధిక భాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ అనే ఒక్క మనిషి జీవితమంతా సేకరించినది. మ్యూజియం 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పటి భవనానికి మారింది.

పురానీ హవేలీ అంత పేరున్నది కాదు కదా, వెళ్ళడం అవసరమా?

పిల్లలుంటే అవసరమే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల గది 176 అడుగుల పొడవున, రెండు అంతస్తులుగా, టేకు బీరువాలతో సాగిపోతుంది. చేత్తో తిప్పే కొయ్య లిఫ్ట్ కూడా ఉంది. ఆయన వేసిన జత మళ్ళీ వేసేవారు కాదని చెప్పుకుంటారు. పక్కనే నిజాం మ్యూజియంలో ఏడవ నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలున్నాయి. వాటిలో రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా 2018లో దొంగతనానికి గురై, కొద్ది రోజుల్లోనే పోలీసులకు దొరికింది. ఈ కథ చెప్పాక ఏ పిల్లవాడూ ఆ గదిని ఆదరాబాదరాగా దాటిపోడు.

ఎవరూ అంతగా వెళ్ళని చోటు ఒకటి చెప్పండి.

పత్తర్‌గట్టికి దగ్గరలోని బాద్‌షాహీ అషుర్‌ఖానా. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ సంతాపమందిరం గోడలపై నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల మెరుగుపలకలు ఈనాటికీ కళ్ళు చెదరగొడతాయి. జాగ్రత్తగా చూస్తే కొన్నిచోట్ల పలకలు ఉండవు, వాటి స్థానంలో రంగు వేసిన గోడ ఉంటుంది. 1908 వరద నీరు అంత ఎత్తున వచ్చి నిలిచి పలకలను పాడుచేసింది. చెప్పులు బయట విడవాలి, మాటలు తగ్గించాలి. ఇది ఇప్పటికీ భక్తులు వచ్చే స్థలం.

1908 వరద గురించి పిల్లలకు ఎక్కడ చూపించగలం?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, సుమారు పదిహేను వేల మంది ప్రాణాలు తీసిందని అంచనా. నదికి ఆవలి ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఆ రోజు తన కొమ్మలపై నూట యాభై మందిని కాపాడింది. ఆ చెట్టు ఇంకా ఉంది. అంతపెద్ద విపత్తు తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. పత్తర్‌గట్టి రాతి బజారు, హైకోర్టు భవనం కూడా ఆ తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దిన రోజుల్లోనివే. ఏ కట్టడం కంటే నాకు ఆ చెట్టు దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

## బజారు, తిండి

లాడ్ బజార్‌లో గాజులు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందు తయారీ చూడండి, తర్వాత కొనండి. బొగ్గుల కుంపటి మీద లక్కను వేడిచేసి, మెత్తబడగానే పలక మీద దొర్లించి సన్నని కడ్డీగా సాగదీస్తారు. తగినంత కోసి, రెండు కొసలూ అతికించి, ఒక కొస సన్నగా ఉండే కొయ్యకు తొడిగి కొలత సరిచేస్తారు. లక్క చల్లారేలోగా అద్దాలు, రాళ్ళు, పూసలు ఒక్కొక్కటే అద్దాలి. ఒక గాజు వెనుక ఇంత పని ఉందని చూసిన పిల్లలు ధర విషయంలో అమ్మానాన్నలను తొందరపెట్టరు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొనేటప్పుడు రాళ్ళను వేలితో మెల్లగా తడిమి, ఊడుతున్నాయేమో చూసుకోండి. గాజు బరువుగా, అతుకు కనబడకుండా ఉండాలి. బేరం ఆడడం ఇక్కడ తప్పు కాదు, కానీ చేతిపని గాజుకు అచ్చుపోసిన ప్లాస్టిక్ గాజు ధర అడగడం తప్పు.

ముత్యాలు అసలువో కావో ఎలా తెలుస్తుంది?

రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దితే అసలువి కొద్దిగా గరుకుగా తగులుతాయి, నకిలీవి నున్నగా జారిపోతాయి. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

పిల్లలకు కారం లేని తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు, బన్ మస్కా, పెద్దవాళ్ళకు చాయ్ తీసుకుంటే ఉదయం గడిచిపోతుంది. మధ్యాహ్నం బిర్యానీ పిల్లలకు కారం అనిపిస్తే పెరుగు అడగండి. ఎండుఖర్జూరాలు, సీతాఫలం వంటి పండ్లు బండ్ల మీద కొనవచ్చు. కోసి ఉంచిన పండ్లు, తెరిచి ఉంచిన నీళ్ళు మాత్రం పిల్లలకు ఇవ్వవద్దు.

అక్కడివారి మాట మాకు అర్థమవుతుందా?

తెలుగు చాలామందికి వచ్చు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. వద్దు అనడానికి "నక్కో", అవును అనడానికి "హౌ", ఎందుకు అనడానికి "కైకు" అంటారు. పిల్లలకు ఈ మూడు ముక్కలూ నేర్పి తీసుకెళ్ళండి. గాజుల దుకాణంలో చిన్నపిల్ల "నక్కో" అంటే అమ్మే ఆవిడ ముఖం వికసిస్తుంది.

## తిరిగి వెళ్ళేటప్పుడు

జనంలో పిల్లలు తప్పిపోతారేమోనని భయం. ఏం చేయాలి?

ఇంటి దగ్గరే చొక్కా జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే కదలకుండా చార్మినార్ కింద పోలీసుల దగ్గర నిలబడాలని ముందే చెప్పండి. నాలుగు కమాన్లు ఒకేలా ఉంటాయి కనుక "కమాను కింద కలుద్దాం" అంటే పెద్దవాళ్ళు కూడా పొరపడతారు. మక్కా మసీదు వైపున్నది, గాజుల బజారు వైపున్నది అని గుర్తులు చెప్పాలి.

ఫోటోలకు ఏమైనా ఆంక్షలున్నాయా?

మ్యూజియాల్లో, చౌమహల్లాలో కెమెరాకు విడిగా టికెట్ అడుగుతారు, ఫ్లాష్ వాడకూడదు. మసీదులో నమాజు చేస్తున్నవారిని, గాజులు చేస్తున్న స్త్రీలను అడగకుండా ఫోటో తీయవద్దు. డ్రోన్లు ఎగరేయడానికి ముందస్తు అనుమతి ఉండాలి.

చిన్నపిల్లలకు చరిత్ర విసుగనిపిస్తే దగ్గరలో ఇంకేముంది?

బహదూర్‌పురాలో 380 ఎకరాల నెహ్రూ జూ పార్కు 1963 నుంచి ఉంది, లోపల పిల్లల రైలు కూడా తిరుగుతుంది. దానికి దగ్గరలోనే క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్, బర్గర్ ఆకారాల్లో నిజంగా నడిచే కార్లను తయారుచేసి ప్రదర్శించే సుధా కార్ల మ్యూజియం ఉంది. జూ వెనుకనే మీర్ ఆలం చెరువు ఉంది. రెండు వందల ఏళ్ళ క్రితం కట్టిన దాని ఆనకట్ట తిన్నని గోడ కాదు, వరుసగా పేర్చిన 21 అర్ధచంద్రాకారపు కమాన్లు. కమాను నీటి బరువును ఎలా మోస్తుందో చెప్పాలంటే ఒక పోస్టుకార్డును రెండు చేతులతో వంచి పిల్లవాడి వేలితో నొక్కించండి. ఉబ్బెత్తుగా ఉన్న వైపు నుంచి నొక్కినప్పుడు ఆ కార్డు ఎంత గట్టిగా నిలుస్తుందో వాడికే తెలుస్తుంది.